నారాయుడి కుడి మోకాలికి నేను పూచీ పడ్డ సంగతి

మా యజమాని ఉ టిన్ లైంగ్ నా ఉద్యోగంలో రెండుసార్లు గురువుగారూ అన్న అర్థంలో సయా అని పిలిచి నన్ను ఒకే మాట అడిగాడు. "సయా రాజూ, ఇతన్ని తీసుకోవచ్చా?" మొదటిసారి నేను చెప్పిన జవాబు తప్పు. రెండోసారి చెప్పింది ఒప్పు. మధ్యలో పదిహేనేళ్ళు పట్టింది. జట్టు ఫిజియోగా కొత్తగా చేరే పిల్లలకు ఈ రెండు జవాబుల సంగతి చెబితే చాలు, మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది. రెండో జవాబు గురించి నాకు గర్వం ఉంది, దాచుకోను. అరవై దాటినవాడికి ఆ మాత్రం హక్కు ఉండాలి.

పని ఏమిటంటే

నేను యాంగోన్‌లో పజుండౌంగ్ మనిషిని. మా తాత ఓడల రేవులో మూటలు మోశాడు, నాన్న కొట్టు నడిపాడు, నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపీ నేర్చుకుని ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో చేరాను. ఉ టిన్ లైంగ్‌కు మింగళాడోన్ దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులోనే మా కోర్టు. వానాకాలంలో రేకుల మోతకు కోచ్ అరిచినా వినపడదు, చేతులతో సైగలు చేయాల్సిందే.

బయటివాళ్ళు మమ్మల్ని కాళ్ళు పిసికేవాళ్ళం అనుకుంటారు. పిసుకుతాం, కాదనను. కానీ జీతం ఇచ్చేది అందుకు కాదు. ఒక ఆటగాడిని వేరే క్లబ్బు నుంచి తెచ్చుకునేటప్పుడు, బదులుగా మన కుర్రాళ్ళను ఇచ్చేటప్పుడు, యజమానికి నిజం చెప్పేవాడు ఒకడు కావాలి. కోచ్‌కు గెలవాలనే ఆత్రం, యజమానికి పేరు మీద మోజు, ఆటగాడికి చోటు కావాలి. ముగ్గురూ మోకాలి గురించి తమకు కావలసిందే నమ్ముతారు. నమ్మకుండా చూడవలసినవాడు ఫిజియో.

కో టుట్ విషయంలో నేను చేసిన తప్పు

రెండో జవాబుకు పదిహేనేళ్ళ ముందు కో టుట్ అనే మంచి షూటర్‌ను తీసుకుందామనుకున్నాం. ఇక్కడ మగవాళ్ళ పేరు ముందు కో అంటే అన్న, ఉ అంటే పెద్దాయన. అతనికి ముప్పై ఒకటో ఏడు. ఆ రోజు కుండపోత వాన. నేను రెండు బస్సులు మారి, మోకాళ్ళ దాకా తడిసి, అతని ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ తువ్వాలు ఇచ్చింది, టీ పెట్టింది. నేను పుస్తకం తెరిచి అడిగాను. మోకాలు నొప్పి ఉందా? యబాడే సయా, అన్నాడు. పరవాలేదు అని అర్థం. వాపు వస్తుందా? యబాడే. దూకినప్పుడు? యబాడే. నేను అన్నిటికీ టిక్కు పెట్టి, తీసుకోవచ్చు అని యజమానికి చెప్పాను. మేం ఇద్దరు మంచి కుర్రాళ్ళను ఇచ్చి అతన్ని తెచ్చుకున్నాం. నాలుగో ఆటలో రీబౌండ్‌కు ఎగిరి కింద పడ్డాడు. మళ్ళీ ఆడలేదు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను నా కంటే పదిహేనేళ్ళు చిన్న. చేతులు కట్టుకుని చెప్పాడు. "మీరు పెద్దవారు. అంత వానలో తడిసి వచ్చారు. నొప్పి ఉందని చెప్పి మిమ్మల్ని వట్టి చేతులతో ఎలా పంపను సయా? ఆనాడే."

ఆనాడే అంటే ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టడానికి మనసు ఒప్పకపోవడం. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ అది ఒంట్లో ఉంటుంది. బర్మా వాళ్ళకే కాదు, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మా తెలుగువాళ్ళకూ ఉంది. నాకూ ఉంది. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, నిజం చెబితే మర్యాద తప్పే ప్రశ్న ఒక మర్యాదస్తుణ్ణి అడిగాను. అతని కాలు పోవడంలో నా పాలు ఉంది. ఆ సిగ్గు నన్ను చాలా ఏళ్ళు తినేసింది.

అప్పటి నుంచి నేను నొప్పి ఉందా అని ఎవరినీ అడగలేదు. కూర్చోవడం చూస్తాను, లేవడం చూస్తాను, మెట్లు దిగడం చూస్తాను.

నారాయుడి పేరు వచ్చినప్పుడు

నా ఉద్యోగం చివరి ఏడాది. క్లబ్బుల పరిస్థితి బాగా లేదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు, కాస్త ఆట వచ్చిన కుర్రాడు పై దేశం దారి చూసుకుంటున్నాడు. ఉ టిన్ లైంగ్ విసిగిపోయాడు. ఆ వానాకాలంలో నన్నూ కోచ్ కో నాయింగ్‌నూ ఫ్యాక్టరీ ఆఫీసుకు పిలిచాడు.

"అవతలి క్లబ్బువాళ్ళు కో మ్యోను ఇస్తామంటున్నారు. మన ఫ్యోను, ఇంకొక గార్డును అడుగుతున్నారు. ఈసారి కప్పు రాకపోతే జట్టు మూసేస్తాను. ఇరవై ఏళ్ళు నడిపాను, ఇక ఓపిక లేదు," అన్నాడు.

కో మ్యో పేరు తెలియనివాళ్ళు ఈ ఊరి బాస్కెట్‌బాల్‌లో లేరు. ఇంట్లో పేరు నారాయుడు. ట్వంటే వైపు పొలాలు చేసుకునే తెలుగు కుటుంబం. ముప్పై ఆరేళ్ళు. బంతి చేతికి వస్తే అవతల ఇద్దరు ఎటు కదులుతారో ముందే తెలిసినట్టు ఆడతాడు. నాలుగు ఫైనళ్ళు ఆడి నాలుగూ ఓడాడు. ఫ్యోకి ఇరవై ఒకటి, మా జట్టులో అందరికంటే పొడుగు.

కో నాయింగ్ నా వైపు చూడకుండా అన్నాడు. "ముప్పై ఆరేళ్ళ మోకాలి కోసం ఇరవై ఒక్కేళ్ళ మనిషిని ఇవ్వడమా? సయా రాజు ఒప్పుకుంటారులెండి. వాళ్ళ మనిషే కదా."

నాకు ఒళ్ళు మండింది. అయినా బయటికి వచ్చి నడుస్తుంటే ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. నారాయుడంటే నాకు ఇష్టమే. అతను బుట్టలో వేసినప్పుడల్లా మా వీధి టీ కొట్టులో ముసలివాళ్ళు మావోడు మావోడు అని బల్ల చరిచేవారు, నేనూ చరిచాను. అందుకని యజమానిని పది రోజుల గడువు అడిగి, మరునాడే కో నాయింగ్ ఇంటికి వెళ్ళాను. నేను చూసేది మీరూ పక్కన నిలబడి చూడండి, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు అన్నాను. అతను మొదట గునిశాడు. తర్వాత వచ్చాడు.

ఇద్దరం నారాయుడి రెండు ఆటలు బుట్ట వెనక నిలబడి చూశాం. బంతిని చూడలేదు, పాదాలు చూశాం. ఎగరడం రెండు కాళ్ళతో ఎగురుతున్నాడు, దిగడం మాత్రం ప్రతిసారీ ఎడమ కాలి మీదే. మొదటి పది నిమిషాలు కనపడదు, చివర్లో స్పష్టంగా తెలుస్తుంది. వరసగా రెండో రోజు ఆడినప్పుడు మొదటి నిమిషం నుంచే కనపడింది. కో నాయింగ్ వేళ్ళ మీద లెక్క పెట్టి, "చూశారా, పనికిరాడు," అన్నాడు.

నేను ఫ్యోను కూడా చూశాను. మనం తెచ్చుకునే మనిషినే చూసి, ఇచ్చే మనిషిని చూడకపోవడం క్లబ్బులన్నీ చేసే తప్పు. ఫ్యో ప్రాక్టీసుకు వచ్చేటప్పుడు బట్టల సంచిలో జపనీస్ భాష పుస్తకం ఉండేది. వారానికి నాలుగు రోజులు క్లాసు. అడిగితే దాచలేదు, వచ్చే ఏడాది వెళ్ళిపోతానన్నాడు. అంటే మేం భద్రంగా ఉందనుకున్నది కూడా చేతిలోంచి జారేదే. వయసు తక్కువైతే పోయే భయం లేదనుకోవడం పొరపాటు.

పగోడా మెట్లు, టీ కొట్టు పీట

నారాయుణ్ణి నేను పగోడాకు రమ్మన్నాను. మా తెలుగువాళ్ళం గుడికీ వెళతాం, పగోడాకూ వెళతాం, ఇందులో వింత లేదు. కొండ మీదికి మెట్లు ఎక్కేటప్పుడు అతను కబుర్లు చెబుతూ నా కంటే ముందే ఎక్కాడు. పైన బుద్ధుడి ముందు మోకరిల్లి మూడుసార్లు వంగి దండం పెట్టాడు. ఎడమ మోకాలు ముందు ఆనించాడు. లేచేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుని కుడి అరచెయ్యి నేల మీద గట్టిగా నొక్కాడు. దిగేటప్పుడు రెండు మెట్లు పక్కవాటుగా దిగి, నేను చూస్తున్నానని తెలిసి తిన్నగా నడిచాడు.

కింద టీ కొట్టులో జానెడు ఎత్తు పీటల మీద కూర్చున్నాం. కావాలనే అరగంట కూర్చోబెట్టాను. లేవబోయే ముందు మామూలుగా అడిగాను.

"నారాయుడూ, కాపడం పొద్దున్న ఎట్టుకుంతావా, రాత్తిరేళా?"

"రెండేళలా ఎట్టుకుంతాను మావయ్యా," అనేశాడు. అని, నాలిక కరుచుకుని నవ్వాడు. "మా ఇంటిది సెప్పీసిందేటి?"

"మెట్లు సెప్పినాయి."

టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అయితే వొద్దని సెప్పీయండి మరి. మీకెందుకు మాట."

"ఆటంతా నలబై నిమిసాలకైతే వొద్దనే సెప్తాను. పదిహేను నిమిసాలకైతే నువ్వే కావాల. మొదలెట్టేది కుర్రోల్లు. నువ్వు బెంచీ మీద కూకోవాల. రెండు ముక్కలుగా ఆడతావు. ఒరసగా రెండ్రోజులు ఆడనివ్వను. ఎలాగుంటాది?"

అతని ముఖం చూస్తే నాకు బాధేసింది. పదిహేడేళ్ళుగా ఆట అతనితోనే మొదలయ్యేది. బెంచీ మీద కూర్చోమని ఎవరూ అనలేదు. నేను అన్నాను, అతని కాలు కాపాడుకోవడానికి అదొక్కటే దారి కాబట్టి.

"నాలుగు పైనల్లు ఆడినాను," అన్నాడు చివరికి. "నాలుగింటికీ మొదలెట్టినోన్ని నానే, ఓడిపోయినోన్నీ నానే. ఐదోది బెంచీ మీంచి లెగిసెల్లమంటే ఎల్తాను. ఏటైపోతాది?"

నా జవాబు ఆ పీట మీదే తయారైంది. ఉ టిన్ లైంగ్‌కు మూడు మాటలు చెప్పాను. ఒకటి, ఆ మోకాలు నలభై నిమిషాలకు చచ్చిపోతుంది, పదిహేనుకు బతుకుతుంది. రెండు, ఆ పదిహేనులో అతను చేసేది ఫ్యో నలభైలో చేయలేడు. మూడు, ఫ్యో పై దేశం వెళ్ళబోతున్నాడని అవతలి క్లబ్బుకు మనమే చెప్పాలి.

"మనమెందుకు చెప్పాలి?" అని యజమాని కుర్చీలో ముందుకు వంగాడు.

"మనం ఫ్యో సంగతి దాస్తే, వాళ్ళు మోకాలి సంగతి దాచారని రేపు గోల పెట్టే హక్కు మనకుండదు కనుక," అన్నాను.

చెప్పాం. ఏడాదైనా ఫ్యో చాలు అన్నారు వాళ్ళు. మార్పిడి జరిగిపోయింది. కో నాయింగ్ తలుపు దగ్గర ఆగి, ఇది పోతే మీ పేరు మీదే పోతుంది అన్నాడు. పోనివ్వండి అన్నాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడ పార్వతితో చెబితే ఆమె బియ్యం ఏరుతూ, "జట్టు మూసీనారంటే పజుండౌంగంతా మననే అంతారు, తెలుసునా?" అంది. తెలుసు.

మోకాలు కాని చిక్కు

మొదటి మూడు ఆటలూ ఓడిపోయాం. మోకాలు భేషుగ్గా ఉంది. చిక్కు వేరే చోట వచ్చింది, దాన్ని నేను ముందు చూడలేదు. చూసి ఉండవలసింది.

మా గార్డు కో వాయికి ఇరవై ఏళ్ళు. నారాయుడు కోర్టులోకి దిగగానే కో వాయి బంతి తీసుకెళ్ళి అతనికే ఇచ్చేవాడు. నారాయుడి మీద ముగ్గురు కాపలా ఉన్నా ఇచ్చేవాడు. తను బుట్ట కింద ఒంటరిగా ఉన్నా నాకివ్వు అని అడిగేవాడు కాదు. నారాయుడు కాపలాకు ఆలస్యంగా వచ్చినా ఎవరూ అరిచేవారు కాదు. అతను అకో, పెద్దన్న. పదహారేళ్ళ పెద్దవాడి మీద గొంతు ఎలా లేపుతారు? మిగతా నలుగురూ అంతే. అవతలి జట్లు రెండో ఆటకే పసిగట్టి నారాయుడి చుట్టూ గోడ కట్టాయి. కో నాయింగ్ చెప్పాడు, తిట్టాడు, బోర్డు మీద బొమ్మలు గీశాడు. కుర్రాళ్ళు తలలూపారు. కోర్టులోకి వెళ్ళాక మళ్ళీ అదే.

మోకాలు, వయసు, నిమిషాలు అన్నీ తూచాను. పెద్దవాణ్ణి తెస్తే కుర్రాళ్ళ నోరు మూతపడుతుందని మాత్రం తూచలేదు. మన దగ్గర పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవడంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. ఇంకో రెండు ఓడితే ఇంటికే. ఉ టిన్ లైంగ్ షెడ్డు వైపు రావడం మానేశాడు.

అప్పుడు తడింజుట్ పున్నమి వచ్చింది. వానాకాలం వ్రతాలు ముగిసే పండగ. ఆ రోజుల్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకరిల్లి, పళ్ళు పెట్టి, ఏడాదిలో తెలిసీ తెలియక నోటితో, చేతితో, మనసుతో చేసిన తప్పులు మన్నించమంటారు. దాన్ని గడో అంటారు. పెద్దవాళ్ళు మన్నించి దీవిస్తారు. మా షెడ్డులో ఏటా జరిగేదే. కుర్రాళ్ళు ఈసారి యజమానికి ఆయన ఆఫీసులోనే, కోచ్‌కు, నాకు షెడ్డులో గడో చేశారు. తర్వాత నారాయుడి ముందు వరసగా మోకరిల్లారు.

నారాయుడు దీవించకుండా ఆగిపోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"మీరు అడిగింది పోయిన ఏడాది తప్పుల గురించి," అన్నాడు బర్మీస్‌లో, నెమ్మదిగా. "పోయిన ఏడాది నేను ఇక్కడ లేను. కాబట్టి రాబోయే తప్పులు మన్నిస్తున్నాను. ఈ సీజన్ అయ్యేదాకా కోర్టులో మీరు నన్ను అరిచినా, తిట్టినా, బంతి ఇవ్వకపోయినా, అన్నీ ఇప్పుడే మన్నించేశాను. పెద్దవాడు ఒకసారి మన్నించాక వెనక్కి తీసుకోడు. తప్పు చేయకపోతే నా దీవెన వృథా చేసినట్టే. లేవండి."

కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ఎన్నో మోకాళ్ళకు వైద్యం చేశాను, అలాంటి వైద్యం నాకు రాదు.

తర్వాతి ఆటలో నారాయుడు కాపలాకు ఆలస్యమయ్యాడు. కో వాయి మెల్లగా, దయచేసి అటు వెళ్ళండి అకో అన్నాడు. బెంచీ అంతా పడీ పడీ నవ్వింది. ఆ తర్వాతి ఆటకు దయచేసి అన్న మాట పోయింది. ఇంకో ఆటకు అకో పోయింది. చెయ్యి విసిరి, అటు పో, అని కేకేశాడు. నారాయుడు వెంటనే అటు పోయాడు. ఆ రోజు నుంచి మేం ఓడలేదు. వరసగా గెలుస్తుంటే యజమాని మళ్ళీ షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు, వచ్చేటప్పుడు బిస్కెట్లు తెచ్చేవాడు.

ఫైనల్

ఫైనల్ రోజు హాలు నిండిపోయింది. పజుండౌంగ్ నుంచి మా వీధివాళ్ళు లారీ కట్టించుకుని వచ్చారు. పార్వతి కూడా వచ్చింది. ట్వంటే నుంచి నారాయుడి వాళ్ళు బుట్టలతో అన్నం తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నారు.

నారాయుడు తన రెండు ముక్కలూ అద్భుతంగా ఆడాడు. రెండో ముక్కలో వరసగా నాలుగు బంతులు ఖాళీగా ఉన్న మనిషికే ఇచ్చాడు, నాలుగూ బుట్టలో పడ్డాయి. పదిహేను నిమిషాలు అయిపోయాయి, వచ్చి కూర్చున్నాడు. ఆట మాత్రం అవ్వలేదు. ఆఖరి నిమిషంలో మేం ఒక పాయింటు వెనక ఉన్నాం. కో నాయింగ్ టైమౌట్ తీసుకున్నాడు.

హాలంతా కో మ్యో, కో మ్యో అని అరుస్తోంది. ఉ టిన్ లైంగ్ తన కుర్చీలోంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. కో నాయింగ్ నా చెవిలో అడిగాడు. "ఒక్క నిమిషమే కదా సయా. పంపమంటారా?"

నిజం చెప్పాలి. నాకు పంపాలనిపించింది. ఒక్క నిమిషం ఏం చేస్తుందిలే అనుకున్నాను. నారాయుడి వైపు తిరిగాను, ఏదో అడగబోయాను. నేను అడగకముందే అతను మోకాలి మీద చెయ్యి వేసి, అందరి ముందూ, తల ఎత్తి చెప్పాడు.

"నొప్పెడతంది మావయ్యా. నాను ఎల్తే మన గుంటకుర్రోల్లు ఓడిపోతారు. కూకుంతాను."

నా ఉద్యోగంలో ఒక ఆటగాడు నేను అడగకుండా నొప్పి ఉందని చెప్పడం అదే మొదటిసారి. తన జీవితమంతా ఎదురుచూసిన కప్పు ఎదురుగా ఉండగా చెప్పాడు. సరే అని తలూపాను.

అతను కో వాయి మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. "వాళ్ళు నేను వస్తానని కుడి వైపు చూస్తూ ఉంటారు. నువ్వు ఎడమ నుంచి పో. ఎవరికీ ఇవ్వకు. నువ్వే వెయ్యి," అన్నాడు.

కో వాయి ఎడమ నుంచి పోయాడు. నిజంగానే అవతలివాళ్ళ సెంటర్ ఒక అడుగు కుడి వైపు వేసి ఉన్నాడు. కో వాయి ఎవరికీ ఇవ్వలేదు. బంతి బోర్డుకు తగిలి లోపల పడింది. అవతలివాళ్ళు ఆఖరి షాట్ వేశారు, అంచుకు తగిలి బయటికి పోయింది, కో వాయి దాన్ని పట్టుకుని పొట్టకు అదుముకుని నేల మీద పడుకున్నాడు. బజర్ మోగింది.

ఎవరో నన్ను ఎత్తేశారు. దించాక చూస్తే ఎత్తింది కో నాయింగ్. ఉ టిన్ లైంగ్ నా చేతులు రెండూ పట్టుకుని, వచ్చే ఏడాదికి ఒక కొత్త ఫిజియోను చూసి పెట్టు సయా అన్నాడు. జట్టు ఉంటుందని చెప్పడం అన్నమాట. మెట్ల మీద పార్వతి ట్వంటే ఆడవాళ్ళతో కలిసి చేతులూపుతోంది.

నారాయుడు బెంచీ మీంచి లేచాడు. ఎడమ కాలు ముందు పెట్టి, కుడి కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాడు. తర్వాత కోర్టు మధ్యలో కుప్పగా పడి ఉన్న కుర్రాళ్ళ వైపు పరుగు అందుకున్నాడు. వద్దని అరవడం నా పని. ఇరవై ఏళ్ళు అందుకే జీతం తీసుకున్నాను. నేను అరవలేదు, అతని వెనకే నేనూ పరిగెత్తాను.